తోడు

మొన్నొక ఆదివారం పొద్దున్న, రెండో కాఫీకీ స్నానానికీ మధ్య దొరికే ఆ కాస్త తీరుబాటు వేళలో, అమెరికానుంచి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడుండేది డాలస్‌లో. మనకు ఆదివారం తెల్లవారితే వాడికింకా శనివారం రాత్రే.

"మావయ్యా, కొంప మునిగింది. స్టార్టరు చచ్చిపోయింది" అన్నాడు ఏడుపు గొంతుతో.

"కారు స్టార్టరు చస్తే మెకానిక్కుని పిలవాలి గాని బందరులో ఉన్న తెలుగు లెక్చరర్ని పిలుస్తావేమిట్రా?" అన్నాను.

"కారు కాదు మావయ్యా! మనం తోడు అంటామే, అలాంటిది. ఆ తోడు చచ్చిపోయింది."

ఫోను బల్లమీద పెట్టి ఇల్లంతా వినిపించేలా మాట్లాడటం నాకున్న దురలవాట్లలో ఒకటి. హాల్లో చాపమీద కూర్చుని గోరుచిక్కుడుకాయలు వలుస్తున్న మా అమ్మ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏమిటీ, తోడు చచ్చిపోయిందా? నా తోడేనా?" అంది. ఆవిడ ముఖం చూసి నాకు భయం వేసింది.

పెరుగు తోడు పోతే అంత కంగారేమిటి, పక్కింట్లో గరిటెడు అడిగితే సరిపోదా అని మీరనుకోవచ్చు. నిజమే. కాని మా అమ్మ తోడుకి ఒక కథ ఉంది. అది చెబితే గాని ఈ ఆదివారం సంగతి మీకు బోధపడదు.

మా అమ్మ పుట్టిల్లు గుడివాడ. మెట్టినిల్లు దివిసీమలో, నాగాయలంక దాపున ఒక పల్లె. 1977 నవంబరులో ఆవిడ మొదటి పురుటికి గుడివాడ వచ్చి ఉంది. ఆ నెల 19వ తేదీన దివిసీమమీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేలమందికి పైగా పోయారు. పశువులకు లెక్కే లేదు. మా నాన్న తాడిచెట్టు కావిలించుకుని రాత్రంతా నీళ్ళమీద గడిపి బతికాడు. మా నాయనమ్మ బతకలేదు. ఇల్లు, గాదె, గేదె, ఉట్టిమీది పెరుగు కుండ అన్నీ సముద్రం పట్టుకుపోయింది.

మరుసటి నెలలో మా అక్క పుట్టింది. నాలుగు నెలలు గడిచాక అమ్మ పసిపిల్లను ఎత్తుకుని పాకలో కాపురం పెట్టడానికి దివిసీమ బయలుదేరింది. మా తాతయ్య వెనకాలే ఒక పాడిగేదెను తోలించాడు. మా అమ్మమ్మ మాత్రం మరచెంబులో ఇంత పెరుగు వేసి, మూత బిగించి, కూతురి చేతికిచ్చింది. "ఇల్లు నిలబడ్డానికి ముందు పాలు తోడుకోవాలి" అన్నదట. ఆ చెంబులో తోడుతోనే ఆ వీధిలో ఇరవై ఇళ్ళవాళ్ళు మళ్ళీ చల్ల చేసుకున్నారు. 1990 మే నెల తుఫానులో మా కుండ మళ్ళీ పగిలింది. అప్పుడు అమ్మ, ఒకప్పుడు తానిచ్చిన తోడునే ఎదురింటినుంచి అడిగి తెచ్చుకుంది. అదే ఇప్పుడు బందరులో మా ఇంట్లో ప్రతి రాత్రీ పాలలో పడుతోంది. కిందటేడు మనవడు వచ్చినప్పుడు ఆవిడ ఉతికిన నూలుగుడ్డను ఆ పెరుగులో ముంచి, నీడన ఆరబెట్టి, మడతపెట్టి వాడి పెట్టెలో ఉంచింది. అక్కడ గోరువెచ్చని పాలలో గుడ్డ వేస్తే పెరుగు తోడుకుందని వాడు ఫోటో పంపినరోజు మా ఇంట్లో పండుగే.

చూశారా, ఇప్పుడు "తోడు చచ్చిపోయింది" అంటే ఆవిడకెలా ఉంటుందో!

అమ్మ లేచి వచ్చి ఫోను ముందు కూర్చుంది.

"వేడిగా ఉండగా వేశావా నాన్నా?"

"అవును అమ్మమ్మా, తొందరపడ్డాను."

"ఎంత వేడి? వేలు పెడితే ఓర్చుకోగలిగినంతేనా?"

"లేదు, వేలు పెడితే చురుక్కుమనేంత. తరువాత చూస్తే అరవై డిగ్రీలుంది."

"మరి చావదూ? తోడు పసిపిల్లలాంటిది. ఉడుకునీళ్ళు పోస్తామా? అసలు అది ఎన్నాళ్ళనాటిది?"

"ఆర్నెల్లుగా ఫ్రిజ్‌లో ఉంది."

"ఆర్నెల్లా! పాపం, అది అప్పటికే సగం ప్రాణంతో ఉండి ఉంటుంది. అలాంటిదాన్ని ఎప్పుడూ తిన్నగా పెద్ద గిన్నెలో వెయ్యకూడదు. ముందర చిన్న గిన్నెలో కాసిని వేసి చూడు. అందులో తేరుకున్నాక, దాన్ని తీసి పెద్ద గిన్నెలో వెయ్యి. గిన్నె మరిగే నీళ్ళతో తొలుచు. తడిచెయ్యి పెట్టకు. ఊరికే మూత తీసి చూడకు."

అవతల కాసేపు మాట లేదు. తరువాత వాడు ఆశ్చర్యంగా అన్నాడు: "అమ్మమ్మా, నువ్వు చెప్పిందంతా నా పుస్తకంలో ఉన్నట్టే ఉంది. నీకెలా తెలుసు?"

"పాలు తోడెయ్యడానికి పుస్తకమేమిట్రా?"

"పాలు కాదు అమ్మమ్మా..." అని నాలిక కరుచుకున్నాడు. కాని ఆవిడ అడిగితే అబద్ధం చెప్పడం ఆ ఇంటా వంటా లేదు. "బీరు" అన్నాడు మెల్లిగా. "ఇంట్లోనే కాస్తాను. సరదాకి. నీ తోడు క్షేమంగా ఉంది. ఇవాళ కూడా పెరుగన్నమే తిన్నాను."

అమ్మ మారు మాట్లాడలేదు. వలిచిన చిక్కుళ్ళూ వలవనివీ కలిపి పళ్ళెంలో పోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మౌనం వెనకా ఒక కథ ఉంది. మా అమ్మకు ఒక తమ్ముడుండేవాడు. గుడివాడలో అంత అందగాడు లేడనేవారు. సారా అలవాటైంది. రెండెకరాల మాగాణి సారాకొట్టు మెట్లమీదుగా జారిపోయింది. 1991లో మనిషీ పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన వార్త పేపరులో పడితే, అమ్మ ఆ ముక్క కత్తిరించి తన పెట్టెలో దాచుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. "రెండేళ్ళు ముందు చేస్తే వీళ్ళ సొమ్మేం పోయింది?" అని ఆ రోజు ఆవిడ అన్నమాట నాకింకా చెవుల్లో ఉంది. తోడబుట్టినవాడి కథ అది. ఆ మాటలోనూ "తోడు" ఉంది చూడండి.

నావంటి తెలుగు మేష్టరుకు కష్టం వచ్చినా సుఖం వచ్చినా నిఘంటువు తీయడం తప్ప మరో దారి తెలియదు. పాలలో వేసే తోడుకు మన పాత నిఘంటువుల్లో "చేమిరి" అన్న చక్కని మాట ఉంది. సంస్కృతంలో సురకు వేసే తోడుకు "కిణ్వం" అని పేరు. సైన్సు పుస్తకాల్లో పిల్లలు "కిణ్వ ప్రక్రియ" అని వల్లె వేసేది ఈ కిణ్వాన్నే. కౌటిల్యుని అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే ఉద్యోగి చెయ్యవలసిన పనుల వరుసలో కిణ్వం తయారుచేసే విధానం కూడా ఉంది. అందులో ముఖ్యమైన సరుకులేమిటో తెలుసునా? మినుములు, బియ్యం! కాసిని మూలికలు. ఇల్లాళ్ళు కోప్పడకపోతే ఒక్కమాట అంటాను: రేపటి దోసెలకని ఈ రాత్రి మీరు రుబ్బి మూతపెట్టే పిండికీ ఆ కిణ్వానికీ సరుకుల్లో దగ్గర చుట్టరికమే ఉంది. బాలింతకు పోసే దశమూలారిష్టం మాట చెప్పనే అక్కరలేదు. బెల్లం, ధాతకీ పువ్వులు వేసి పులియబెట్టే ఆ అరిష్టంలో తనంత తాను పుట్టే ఆల్కహాలు కొంత ఉంటుంది.

మరి మావాడి స్టార్టరు సంగతేమిటి? తరువాత వాడినే అడిగి తెలుసుకున్నాను. బార్లీ గింజల్ని మొలకెత్తించి ఆరబెడితే మాల్టు అవుతుంది. రాగిమాల్టు తాగే ఇళ్ళకు ఆ మాట కొత్త కాదు. మాల్టు తీపినంతా నీళ్ళలోకి దింపి, హాప్స్ అనే చేదుపువ్వు వేసి మరిగించి, చల్లార్చి, ఈస్టు వేస్తే బీరు అవుతుంది. ఈస్టు ఒక రకం శిలీంధ్రం. కంటికి కనపడదు. తీపి తిని, ఆల్కహాలునూ బొగ్గుపులుసు గాలినీ విడుస్తుంది. పాలు తోడుకునేది మాత్రం బాక్టీరియావల్ల. రెండూ వేరువేరు జాతులు. దోసెలపిండిలో ఈ రెండు జాతులూ కలిసి కాపురం చేస్తాయి.

మావాడు ఒకసారికి 19 లీటర్ల బీరు కాస్తాడు. పాతబడిన ఈస్టు పొట్లంలో ప్రాణంతో ఉన్న కణాలు తక్కువ. ఆ కాసినీ అంత పెద్ద పాత్రలో పడితే దిక్కు తోచక నిలబడతాయి. ఈలోగా తీపి వాసన పట్టిన ఇతర సూక్ష్మజీవులు అందులో కాపురం పెట్టి కంపు చేస్తాయి. అందుకని ముందు చిన్న గాజుబుడ్డిలో ఒక లీటరు నీళ్ళకు నూరు గ్రాముల మాల్టు పొడి వేసి, పది పదిహేను నిమిషాలు మరిగించి, 20 డిగ్రీల దాపుకు చల్లార్చి, అందులో ఈస్టు వెయ్యాలి. తీపి ఇంతకన్నా చిక్కగా ఉంటే నీరసంగా ఉన్న ఈస్టు తట్టుకోలేదు. బుడ్డిని అప్పుడప్పుడు కుదుపుతూ ఉండాలి. ఎంచేతంటే, ఈస్టు పిల్లలు పెట్టడానికి ప్రాణవాయువు కావాలి. ఒకటి రెండు రోజుల్లో పైన నురుగు కట్టి, అడుగున తెల్లని మడ్డి పేరుకుంటుంది. ఆ మడ్డే అసలు సరుకు. దాన్ని పెద్ద పాత్రలోకి వంచుతారు. అదండీ స్టార్టరు! మా అమ్మ చెప్పిన చిన్న గిన్నె, పెద్ద గిన్నె న్యాయమే. తేడా అల్లా చలువలోనే ఉంది. పాలతోడుకు గోరువెచ్చన కావాలి. బీరు ఈస్టుకు మన బందరు వేసవిలో ఫ్రిజ్ ఉంటే గాని దొరకని చలువ కావాలి.

ఇంట్లో బీరు కాయడం నేరం కాదా అని అడిగాను. అమెరికాలో 1978లో ప్రెసిడెంటు కార్టరు సంతకం చేసిన చట్టం ప్రకారం, అమ్ముకోకుండా ఇంటి వాడకానికి ఏడాదికి ఇన్ని గేలన్లని కాచుకోవచ్చునట. ఇక్కడ అలా కాదు. మన 1968నాటి ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే ఇంట్లో కాయడం తప్పు. కాబట్టి పాఠకులెవరూ గాజుబుడ్డి కొనడానికి బజారుకు బయలుదేరవద్దని మనవి.

ఈ తోడులో ప్రాణం ఉందని తెలుసుకోవడానికి లోకానికి చాలాకాలం పట్టింది. బందరులో డచ్చివారు వర్తకశాల పెట్టి మన కలంకారీ బట్టలు ఓడలకెక్కించిన 17వ శతాబ్దంలోనే, హాలండులోని డెల్ఫ్ట్ పట్నంలో లేవెన్‌హుక్ అనే బట్టల వర్తకుడుండేవాడు. భూతద్దాలు నూరడం ఆయనకు పిచ్చి. 1680లో బీరు చుక్కను అద్దంకింద పెట్టి, అందులో చిన్నచిన్న గుండ్రని పూసల్లాంటివి చూశాడు. కాని అవి ప్రాణులని ఆయనకు తట్టలేదు. పులియడమంటే ప్రాణమున్నవాటి పని అని 1857నుంచి పాశ్చరు గట్టిగా రుజువు చేసుకుంటూ వచ్చాడు. 1876లో బీరుమీద ఒక పుస్తకమే రాశాడు. 1883లో కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో హాన్సెన్ అనే ఆయన ఒకే ఒక్క ఈస్టు కణాన్ని వేరుచేసి, దానినుంచి స్వచ్ఛమైన తోడు పెంచాడు. ఆ కంపెనీవారు దాన్ని దాచుకోలేదు. అడిగిన ఇతర బీరుకంపెనీలకు పంచిపెట్టారు. ఇది చదివినప్పుడు నాకు మరచెంబూ ఆ ఇరవై ఇళ్ళూ గుర్తుకు వచ్చాయి. దీపాలు పెట్టిన తరువాత తోడు ఇవ్వకూడదని మనవాళ్ళకో పట్టింపు ఉంది గాని, పగటిపూట అడిగితే లేదన్న ఇల్లాలిని నేనింతవరకూ చూడలేదు.

ఇంతా చదివినా నాకు తృప్తి కలగలేదు. మరుసటి శనివారం అవనిగడ్డలో పని ఉండి వెళ్ళి, అక్కణ్ణించి మా పల్లెకు పోయాను. మా ఊళ్ళో ఒక గౌడుగారు ఏళ్ళతరబడి తాళ్ళెక్కుతున్నాడు. మోకూ కత్తీ అరుగుమీద పెట్టి, లొట్టి కడుక్కుంటున్నాడు.

"కల్లులో తోడు వేస్తారా?" అని అడిగాను.

నవ్వాడు. "ఎవరేత్తారండీ మేష్టారూ? లొట్టే తోడండి. కొత్త లొట్టి కట్టిన్నాడు కల్లు సరిగా లేవదు. పాత లొట్టి అడుగున కూసింత మడ్డి ఉండనిచ్చి కట్టామనుకోండి, పొద్దెక్కేసరికి నురుగే నురుగు. పిల్లలకి తియ్యటి నీరా కావాలంటే లోపల సున్నం రాసి కడతాం. అప్పుడు పులవదు. ఆ నీరా కాత్తేనే తాటిబెల్లం."

సున్నం తగిలితే ఈస్టు పెరగలేదు. ఆ సంగతి ఆయనకు ఏ పాశ్చరూ చెప్పలేదు. ఒకే చెట్టు, ఒకే రసం. మడ్డి ఉన్న లొట్టిలో కల్లవుతుంది, సున్నం పూసిన లొట్టిలో బెల్లమవుతుంది. గోవాలో పోర్చుగీసువారి కాలంనుంచీ ఇలాంటి కల్లునే పిండిలో కలిపి రొట్టెలు పొంగించేవారు. ఆ రొట్టె తిని ఎవరూ మాగాణి అమ్ముకోలేదు.

లేచి వస్తుంటే ఆయన చెట్టుకేసి చూసి అన్నాడు: "ఉప్పెన్నాడు మీ నాన్నగారు పట్టుకున్నది ఈ వరసలోదేనండి. ఆ చెట్టు ఇప్పుడు లేదు. నేను మాత్రం ఈ వరసలో ఏ చెట్టునీ కొట్టనివ్వను."

రాత్రి బందరు చేరి ఇదంతా అమ్మకు చెప్పాను. ఆ వారమంతా మనవడి ఊసే ఎత్తని మనిషి. లొట్టి మాటా సున్నం మాటా శ్రద్ధగా విన్నది. ఏమీ అనలేదు. పాలు కాచి, వేలితో వేడి చూసి, తోడు వేసి, మూతపెట్టి పడుకుంది.

మర్నాడు ఆదివారం. కాఫీ వేళకు ఫోను మోగింది. ఈసారి బుద్ధి తెచ్చుకుని చెవి దగ్గరే పెట్టుకున్నాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, ఫోను బల్లమీద పెట్టమని సైగ చేసింది.

"తోడు బతికిందా?" అని అడిగింది.

వాడు కొంచెం తటపటాయించాడు. "ఏ తోడు అమ్మమ్మా?"

"రెండూ."

"రెండూ బతికాయి. నువ్వు చెప్పినట్టే చిన్న గిన్నెలో ముందు వేశాను. చల్లారేదాకా ఆగాను."

"మంచిది" అంది. పమిట కొంగుతో చెయ్యి తుడుచుకుని, మళ్ళీ అంది: "నువ్వు పెద్దవాడివి. వద్దని నేను చెప్పను. అది తాగేముందు మీ గుడివాడ చిన్నతాతయ్యను ఒక్కసారి తలుచుకో."

"చిన్నతాతయ్యా? ఆయనెవరు అమ్మమ్మా?"

అమ్మ నావంక చూసింది. ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. ముప్ఫై ఏళ్ళు పైబడ్డాయి. పరువనీ, పోయినవాడి ఊసెందుకనీ, మేమెవరమూ ఆ పేరు పిల్లల దగ్గర ఎత్తనే లేదు. తోడు గుడ్డలో చుట్టి సముద్రాలు దాటించాం గాని, తోడబుట్టినవాడి కథ మాత్రం గుడివాడ దాటనివ్వలేదు.

"మీ మావయ్య చెబుతాడు" అని అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాఫీ పక్కన పెట్టి, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను.